ఒడ్డుకొచ్చిన దిష్టిమూట

చేతికర్ర మూడోసారి లేచింది. మొదటి దెబ్బ భుజమ్మీద పడింది, రెండోది మోచేతి మీద. మూడోది ఎక్కడ పడుతుందో చూసుకునే ఓపిక రెడ్డెమ్మకు లేదు. ఇసుకలో మోకాళ్ళ మీద కూలబడి, రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని, కొడుతున్న పెద్ద మామా కాళ్ళ దగ్గర పడున్న గుడ్డమూట వంకే చూస్తోంది. ఇక్కడ పనివాళ్ళు యజమానురాలిని మామా అంటారు, ఆమె అత్తగారిని పెద్ద మామా.

పొద్దున ఫెర్రీ దిగి ఈ ఫైలకా దీవిలో అడుగు పెట్టగానే, ఎవరూ చూడకుండా తన చేత్తో సముద్రంలోకి విసిరిన మూట అది. మధ్యాహ్నం ఒంటిగంటకల్లా బుద్ధిగా ఒడ్డుకొచ్చేసింది.

రావడమైనా ఏ మూలకో రాకూడదా? శుక్రవారం, పైగా గాలి రోజు. ఈతకొట్టేవాళ్ళూ, అలల మీద బల్లలేసుకుని ఆడేవాళ్ళూ, గొడుగుల కింద కోడీ అన్నమూ పంచుకునేవాళ్ళూ కలిసి ఒడ్డంతా కిటకిటలాడుతోంది. అన్ని వందల కాళ్ళను వదిలేసి ఆ దిక్కుమాలిన మూట వచ్చి వచ్చి ఖాలిద్ కాలికే తగులుకుంది. ఖాలిద్ అంటే ఇంటి యజమానికి తమ్ముడు, పెద్ద మామాకు చిన్నకొడుకు. అన్న పనిమీద దేశం దాటి వెళితే ఇంట్లో పెత్తనమంతా ఇతనిదే. అలల మీద ఆడుకునే బల్లను చంకన పెట్టుకుని నీళ్ళలోంచి నడిచొస్తూ, కాలికి అడ్డం పడిందేమిటా అని వంగి తీశాడు. తల్లి ముందు ముడి విప్పాడు.

లోపల ఎండుమిరపకాయలు నానిపోయి ఉన్నాయి. ఆవాలున్నాయి. తెల్లదారంతో చుట్టిన నల్లటి మెత్తటి వెంట్రుకలున్నాయి.

వెంట్రుకలు చూడగానే మామా కెవ్వున అరిచింది. నాలుగేళ్ళ కూతురు దానాను లాక్కుని, తడితల తిప్పి, మెడ వెనక వేళ్ళతో వెతికింది. అక్కడ వేలెడంత మేర జుట్టు కత్తిరించి ఉంది. ఆ మీదట మామా నోట వచ్చిన మాట ఒక్కటే. సిహర్.

సిహర్ అంటే చేతబడి. కువైట్‌లో పదకొండేళ్ళు నలిగిన రెడ్డెమ్మకు ఆ మాటకు అర్థం ఎవరూ చెప్పక్కర్లేదు. సెలవు శుక్రవారాల్లో రిగ్గైలో కలుసుకునే పనివాళ్ళంతా ఆ మాటను గొంతు తగ్గించి అంటారు. దొంగతనం అంటగడితే బతిమాలుకోవచ్చు, సిహర్ అంటగడితే జైలేనని చెప్పుకుంటారు. ఆమె పై ప్రాణాలు పైనే పోయాయి.

మూడో దెబ్బ చెవి మీద పడింది. చెవి గుయ్యిమంది. అత్త కొట్టింది చాలదన్నట్టు కోడలు కాలిజోడు తీసి రెడ్డెమ్మ మొహమ్మీద ఎడాపెడా వాయించింది. నా బిడ్డకు నీ చేత్తో అన్నం పెట్టించానే అని ఏడుస్తూనే కొట్టింది. పక్క గొడుగు కింద ఒకావిడ తన పిల్లల కళ్ళు మూసింది. దానా మాత్రం తల్లి చేతుల్లోంచి జారిపోవాలని గింజుకుంటూ, "రెద్దీ, రెద్దీ" అని ఏడుస్తోంది. పుట్టిన ఏడోరోజు నుంచీ రెడ్డెమ్మ చంకలో పెరిగిన పిల్ల అది.

ఖాలిద్ కొట్టలేదు. ఫోన్ తీసి ఫొటోలు తీశాడు. మూటది ఒకటి, పాప మెడది ఒకటి, రెడ్డెమ్మ మొహానిది ఒకటి. నాలుగున్నరకు ఫెర్రీ, అవతల రేవులో దిగేసరికి పోలీసులు వచ్చి ఉంటారని వదినతో చల్లగా చెప్పాడు. ఆ తర్వాత చుట్టూ చూసి, ఫ్లాస్కు దగ్గర రాయిలా నిలబడిపోయిన రెండో పనిమనిషి మణిని కూడా వేలితో చూపించాడు. దీన్నీ లోపల వెయ్యండి, ఇద్దరిదీ ఒకే దేశం, ఒకే భాష, ఇది లేకుండా అది చేసి ఉండదన్నాడు.

రెడ్డెమ్మది రాయచోటి పక్క మెట్ట పల్లె. మణిది అంతర్వేది దగ్గర, సముద్రం చప్పుడు వింటూ నిద్రపోయే ఊరు. ఇద్దరూ తొమ్మిది రోజులుగా మొహమొహాలు చూసుకోవడం లేదు. ఆ సంగతి ఖాలిద్‌కు ఎవరు చెబుతారు?

*

ఆ రోజుకు అద్దెకు తీసుకున్న షాలే అనే ఒడ్డు విడిది వెనక ఈత సామాన్లు పడేసే చిన్న గది ఉంది. ఇద్దరినీ అందులోకి తోసి బయట గడియ పెట్టారు. గాలి తీసేసిన రబ్బరు ట్యూబులు, విరిగిన బల్లలు, చెమ్మకంపు. పైన జానెడు కిటికీ.

గడియ పడిన చప్పుడు ఆగిందో లేదో, మణి వెనక్కి తిరిగి రెడ్డెమ్మ చెంప ఛెళ్ళుమనిపించింది.

అప్పటిదాకా తిన్న దెబ్బలన్నీ ఒకెత్తు, ఇదొకెత్తు. రెడ్డెమ్మ గోడకు జారగిలబడింది. మణి ఆగలేదు. జుట్టు పట్టుకుని గుంజింది, వీపున గుద్దింది, తొమ్మిది రోజులుగా దాచుకున్నదంతా చేతుల్లోకి తెచ్చుకుని కొట్టింది. చివరికి తనే అలిసిపోయి ట్యూబుల మీద కూలబడి ఏడ్చింది.

"నా ఫోన్ పగలగొట్టించావు. ఇప్పుడు నన్ను జైలుకి కూడా పంపుతావా?"

రోజూ అక్కా, ఏవండీ అని పిలిచే పిల్ల. ఆ పిలుపు ఈ తొమ్మిది రోజుల్లో ఎక్కడో పోయింది.

ఆ ఫోన్ గొడవ కూడా దానా మూలంగానే వచ్చింది. మణి దగ్గర మామాకు తెలియని రెండో ఫోన్ ఉండేది. మూడు వారాలుగా పాప రాత్రిళ్ళు ఉలిక్కిపడి లేచి గుక్కపట్టి ఏడుస్తోంది. అన్నం ముద్ద నోట్లో పెడితే ఉమ్మేస్తోంది. మణి ఫోన్ చప్పుడుకే పిల్ల బెదురుతోందేమోనని రెడ్డెమ్మ నోరుజారి మామాతో అనేసింది. మామా ఆ ఫోన్‌ను మడమ కింద వేసి తొక్కి నలగ్గొట్టింది. దాన్లో మణి తల్లి గొంతు ఉంది. చనిపోయే ముందు నెల్లాళ్ళు ఆస్పత్రి మంచమ్మీంచి కూతురికి పంపిన మాటలన్నీ ఉన్నాయి. ఇంకెక్కడా లేవు. రెడ్డెమ్మకు ఆ సంగతి తర్వాత తెలిసింది. తెలిశాక క్షమించమని అడగడానికి కూడా మొహం చెల్లలేదు.

"నేను బిడ్డకు చెరుపు చేస్తానా మే?" అంది రెడ్డెమ్మ చాలాసేపటికి. "దిష్టి తీసినా. అంతే."

మణి తల ఎత్తలేదు. రెడ్డెమ్మే చెప్పుకుంటూ పోయింది. ఇరవయ్యో తారీకున తనకు సెలవు. ఊళ్ళో కూతురు పుష్పలతకు నెలలు నిండాయి, తొలిచూలు, మంచాన నీళ్ళిచ్చే మనిషి తను తప్ప ఇంకొకరు లేరు. తను వెళ్ళేలోపు దానా మామూలు మనిషైతే మనసు కుదుటపడుతుందనుకుంది. దిష్టి తీసిన మిరపకాయలు పొయ్యిలో వేస్తే ఘాటుకు ఇల్లంతా దగ్గుతారు. ఇల్లున్న మిష్రిఫ్‌లో మూడుదారుల దగ్గర పడేద్దామంటే గేటు గేటుకూ కెమెరా ఉంది. దీవికి వెళుతున్నామని మామా చెప్పగానే, పారే నీళ్ళలో పడేస్తే పీడ పోతుందని ఆశపడింది.

"సముద్రం పారే నీళ్ళేంటి?" అంది మణి. "పొద్దున మనం దిగేటప్పటికి పోటు మీదుంది. పోటు మీద ఏసింది ఏదైనా ఒడ్డుకే వచ్చుద్ది. ఆటు పట్టాక ఎయ్యాలి. మా ఊళ్ళో చంటిపిల్లనడిగినా చెబుద్ది."

"మునుగుతాదని కల్లుప్పు పిడికెడు ఏసినా గదా."

"ఉప్పు కరిగిపోదా? రాయి కట్టాలి."

పుట్టి బుద్ధెరిగాక ఆమె చూసిన నీళ్ళన్నీ కిందికి పోయేవే. వచ్చి మళ్ళీ వచ్చే నీళ్ళను ఈ దేశం వచ్చాకే చూసింది, అదీ కారు అద్దంలోంచి. పక్కనే ఈ పిల్ల ఉంది. మాటలుంటే ఒక్కమాట అడిగి ఉండేది. అడిగి ఉంటే ఇంత జరిగేది కాదు. ఆ సంగతి ఇద్దరికీ ఒకేసారి తట్టినట్టుంది.

మణికి అరబ్బీ బాగా వచ్చు. ఇంతకుముందు మస్కట్‌లో ఆరేళ్ళు చేసింది. రెడ్డెమ్మకు వినడం వస్తుంది గాని, వంటింటి మాటలు దాటితే చెప్పడం రాదు. ఇది సిహర్ కాదు, ఐన్ పోవడానికి చేసిందని మణి చెబితే చాలు. దిష్టిని వీళ్ళు ఐన్ అంటారు. పెద్ద మామా స్వయంగా పటిక నిప్పుల మీద వేసి పాప చుట్టూ తిప్పడం రెడ్డెమ్మ కళ్ళారా చూసింది. ఆమెకు తెలియని సంగతేం కాదు.

"చెప్పుమ్మే. నీకు దండం పెడతా."

మణి చున్నీతో మొహం తుడుచుకుని, మూటలో ఇంకేమన్నా వేశావా అని అడిగింది. దాచకుండా చెప్పమంది.

రెడ్డెమ్మ గొంతు తగ్గించింది. ఇంకొకరి వెంట్రుకలు కూడా రెండున్నాయంది. పాప పుట్టినరోజు నాడు పెద్ద మామా మనవరాలిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, మా వంశంలో ఇంత చక్కటి కళ్ళు ఎవరికీ లేవని పదిమందిలో పదిసార్లు మురిసిపోయింది. ఇక్కడివాళ్ళు పిల్లల్ని పొగిడితే వెంటనే మాషా అల్లా అంటారు, దిష్టి తగలకుండా. ఆ రోజు ముసలామె ఒక్కసారీ అనలేదు. పాప ఏడుపు మొదలైంది ఆ రాత్రే. అందుకని గురువారం ఆమె తల దువ్వినప్పుడు దువ్వెనకు వచ్చిన, గోరింటాకుతో ఎర్రబడ్డ వెంట్రుకలు రెండు తీసి మూటలో కలిపింది. ఎవరి కన్ను తగిలిందో వాళ్ళ వెంట్రుకో, కాలికింది మట్టో కలిపితేనే దిష్టి దిగుతుందని తన అవ్వ చెప్పేది.

మణి రెండు చేతులతో తల పట్టుకుంది.

"ఇది నోట్లోంచి రానిచ్చావా, నిన్నిక్కడే పాతేస్తారు."

అంతలో గడియ తీసిన చప్పుడైంది.

*

పెద్ద మామా గొడుగు కింద కుర్చీలో కూర్చుని ఉంది. మామా పక్కన నిలబడింది. ఖాలిద్ మూటను ప్లాస్టిక్ పళ్ళెంలో పరిచి, అందులోవన్నీ విడివిడిగా పేర్చి పెట్టాడు. దానాను ఎవరో పక్క గొడుగు కిందికి తీసుకుపోయారు గాని, దాని ఏడుపు ఇక్కడికి వినిపిస్తూనే ఉంది.

మణి చెప్పడం మొదలుపెట్టింది. బాగా చెప్పింది. రెడ్డెమ్మకు మాట మాటా అర్థమైంది. ఇది పాపకు చెడు చెయ్యడానికి కాదు, పాపకు పడిన ఐన్ తీయడానికి, మా దేశంలో ప్రతి తల్లీ తన బిడ్డకు చేస్తుంది, మిరపకాయలు మీ పటిక లాంటివేనంది. ఈవిడ ఊరెళ్ళేలోపు పాప నిద్రపోతే చూడాలని చేసిందని కూడా అంది.

పెద్ద మామా చేతికర్ర మీద గడ్డం ఆనించి విన్నది. మిరపకాయల్ని కర్ర కొసతో కదిపింది. ఇలాంటివి నా చిన్నప్పుడు మా అమ్మ చేసేదని కోడలితో మెల్లగా అంది. మామా మొహం కూడా కొంచెం మెత్తబడింది. రెడ్డెమ్మకు పోయిన ప్రాణం లేచొచ్చింది. మణి కాళ్ళు కడిగి నెత్తిన చల్లుకోవాలనిపించింది.

ఖాలిద్ మాత్రం పళ్ళెంలోంచి వేలి కొసలతో ఏదో పైకెత్తాడు. ఎండలో ఎర్రగా మెరిసింది. ఇవెవరివని అడిగాడు. పాపది నల్ల జుట్టు, ఇవి ఎర్రవి, ఇంత పొడుగు.

మణి రెడ్డెమ్మ వైపు తిరిగింది.

"ఏం చెప్పమంటావు?"

"తెలీకుండా పడినాయని చెప్పు. దువ్వెన కడగతా ఉంటే అంటుకున్నాయను."

మణి వెంటనే చెప్పలేదు. ఆ కాసేపట్లో ఆమె మొహంలో ఏం జరిగిందో రెడ్డెమ్మ చూస్తూనే ఉంది, చూసి భయపడింది. మణి తెలుగులో ఇంకొక్కమాట అంది.

"నా ఫోన్ గురించి మామాకి నువ్వు నిజమే చెప్పావు కదా."

ఆ మీదట ఖాలిద్ వైపు తిరిగి, వణకని గొంతుతో, ఆ వెంట్రుకలు పెద్ద మామావని చెప్పేసింది. పాపకు తగిలిన కన్ను పెద్ద మామాదేనని ఈమె నమ్ముతోందని చెప్పేసింది.

అందరికంటే ముందు తల దించుకుంది మామా. అత్తను వెనకేసుకు రాలేదు. ఆమెకూ ఆ అనుమానం ఉందని ఆ దించుకోవడంలోనే తెలిసిపోయింది.

తన తల్లి కన్ను విషమని ఒక పనిమనిషి అంటే ఖాలిద్ ఊరుకునే మనిషి కాదు. పళ్ళెం ఎగిరి ఇసుకలో పడింది. రెడ్డెమ్మ జుట్టుముడి అతని గుప్పిట్లోకి వెళ్ళింది. ఇసుక మీద బరబరా ఈడ్చుకుపోయాడు. ఆమె కాళ్ళు తన్నుకున్నాయి, గోళ్ళలో ఇసుక నిండింది, జాకెట్టు చెయ్యి చిరిగింది. ఈతకొడుతున్నవాళ్ళు పక్కకు తప్పుకుని దారిచ్చారు గాని అడ్డం రాలేదు. మొలలోతు నీళ్ళలోకి తీసుకుపోయి, మెడ మీద చెయ్యి వేసి ముంచాడు.

ముక్కులోకి, నోట్లోకి, మండే కళ్ళలోకి ఉప్పునీళ్ళే. పైకి లాగి, సముద్రంలో ఏం కలిపావు, చెప్పు, చెప్పు అని అరిచి మళ్ళీ ముంచాడు. రెండోసారి ముంచినప్పుడు రెడ్డెమ్మకు పుష్పలత కనబడింది. నిండు పొట్టతో గడపలో కూర్చుని ఎదురుచూస్తున్నట్టు కనబడింది. మూడోసారి అది కూడా లేదు. ఛాతీలో మంట ఒక్కటే ఉంది.

ఉన్నట్టుండి మెడ మీది బరువు తొలిగింది. దగ్గుతూ పైకి లేచి చూస్తే మణి. నైటీ నడుముకు దోపుకుని నీళ్ళలోకి ఉరికి, ఖాలిద్ ముంజేతిని పళ్ళతో పట్టేసింది. అతను మోచెయ్యి విసిరితే మణి నోటికి తగిలింది. నెత్తురు నీళ్ళలో పడింది. అయినా వదల్లేదు. మళ్ళీ గుద్దాడు. అప్పుడు వదిలి, వెనక్కి పడి, పడ్డచోటు నుంచే రెడ్డెమ్మ నడుం చుట్టూ చేతులు వేసి ఒడ్డువైపుకు లాగింది.

"సంపేస్తాడనుకోలేదక్కా," అంది. ముందు పన్ను ఒకటి సగానికి విరిగిపోయింది. "కొడతాడనుకున్నాను. అంతే అనుకున్నాను."

ఖాలిద్ మళ్ళీ చెయ్యెత్తాడు.

"ఖలాస్."

గొంతు పెద్దది కాదు. పెద్ద మామా కర్ర ఊతంతో నీళ్ళ అంచుదాకా వచ్చి నిలబడి ఉంది. ఇక చాలని మళ్ళీ అంది. కొడుకు ఎత్తిన చెయ్యి దించాడు.

ముసలామె రెడ్డెమ్మనే చూస్తోంది. కోపం లేదు ఆ చూపులో. రెడ్డెమ్మకు భయమేసింది అందుకే.

"నేను మాషా అల్లా అనలేదు," అందామె. "ఆ రోజు నేను అనలేదు. నువ్వు చూశావా?"

ముసలామెకు జవాబు అక్కర్లేకపోయింది. మూడు వారాలుగా ప్రతి నమాజు తర్వాతా అదే తలుచుకుంటున్నాననీ, ఎవరికీ చెప్పుకోలేకపోయాననీ, ఈ పరాయిదానికి కూడా కనబడిందంటే ఇక అనుమానమేముందనీ అంది. కొడుకువైపు తిరిగి పోలీసుల మాట ఎత్తొద్దంది. ఈమెను ఇరవయ్యో తారీకున వాళ్ళ ఊరు పంపించమని, చేతిలో పాస్‌పోర్టు పెట్టమని కోడలికి చెప్పింది.

బతికిపోయాను. రెడ్డెమ్మ ఒంట్లో ప్రతి ఎముకా ఆ మాటే అంది. మణి మీద వాలిపోయింది. పుష్పలత పురిటి మంచం, బాలింత కషాయం, పసిగుడ్డు తల, అన్నీ మళ్ళీ తనవే అయిపోయాయి.

సరిగ్గా అప్పుడే దానా పట్టు విడిపించుకుంది. తడి బట్టలతో, ముక్కు కారుతూ, ఇసుకలో పడుతూ లేస్తూ పరుగెత్తుకొచ్చింది. నిద్ర లేచినా, దెబ్బ తగిలినా, అమ్మ కసిరినా ఆ పిల్ల పరుగెత్తేది రెండే చోట్లకు. రెడ్డెమ్మ నీళ్ళలో ఉంది. పిల్ల నేరుగా అవ్వ దగ్గరికి వెళ్ళింది. రెండు చేతులూ చాచి, "యుమ్మా" అంది.

పెద్ద మామా వెనక్కి తగ్గింది.

నల్ల అబాయా అంచు పైకి లాగి మొహమంతా కప్పేసుకుంది. కళ్ళు కూడా కనబడకుండా కప్పేసుకుంది. రెండో చేత్తో కర్రను అడ్డంగా పట్టుకుని మనవరాలిని దూరంగా ఆపింది.

తీసుకుపొమ్మంది. నా కంట పడనియ్యకండి అంది. రేపే ముబారక్ అల్ కబీర్‌లో ఉన్న కూతురింటికి వెళ్ళిపోతాననీ, ఈ పిల్ల పెళ్ళీడుకొచ్చినా సరే ఇక దీని మొహం చూడననీ అంది. గుడ్డలోంచి వచ్చే ఆ గొంతు వినలేకపోయింది రెడ్డెమ్మ.

దానాకు అదేమర్థమవుతుంది? ఆటేమోననుకుని మొదట నవ్వింది. కర్ర కింద నుంచి దూరి వెళ్ళబోయింది. కర్ర ఈసారి పొట్టకు తగిలేట్టు తోసింది. పిల్ల వెల్లకిలా పడింది. లేచి మళ్ళీ వెళ్ళింది. మళ్ళీ తోసింది. నాలుగోసారికి పిల్ల ఏడుపు మారిపోయింది. రాత్రిళ్ళు ఏడ్చే ఏడుపు కూడా కాదది.

రెడ్డెమ్మ మణి చెయ్యి గట్టిగా పట్టుకుంది. "చెప్పుమే. ముద్దుచేసే కన్నే ముందు తగులుతాదని చెప్పు. కన్నతల్లి దిష్టి కూడా తగులుతాది, ఆమె తప్పేం లేదు, తీసేసినాం, పోయిందని చెప్పు."

మణి చెప్పింది. నోట్లో నెత్తురు ఉమ్మి, ఉన్నదున్నట్టు, ఈసారి ఏదీ కలపకుండా తీసెయ్యకుండా చెప్పింది. గుడ్డ వెనక ముసలామె తల అడ్డంగా ఊపింది. పోతే సముద్రం ఎందుకు తిరిగి తెస్తుందని అడిగింది. నా కొడుకు కాళ్ళ దగ్గరికే ఎందుకు తెచ్చిందని అడిగింది. దానికి మణి దగ్గర పోటు గురించి, ఉప్పు గురించి జవాబుంది. చెప్పి చూసింది. ఆమె వినలేదు.

"ఇంక చెయ్యగలిగిందేం లేదక్కా," అంది మణి తెలుగులో. "గమ్మునుండు. నువ్వు బయటపడ్డావు. నీ కూతురు దగ్గరికెళ్ళిపో."

గమ్మునుంటే సరిపోయేదే. ఇంకో పన్నెండు రోజులు గమ్మునుంటే విమానం. రెడ్డెమ్మ ఎంతో గట్టిగా పళ్ళు బిగబట్టుకుంది. పుష్పలత పేరు మనసులో పదిసార్లు అనుకుంది. ఎదురుగా నాలుగేళ్ళ పిల్ల ఇసుకలో కూర్చుని, గుడ్డ కప్పుకున్న నల్లటి మనిషి వైపు రెండు చేతులూ చాచి, దగ్గరికి వెళ్ళడం కూడా మానేసి ఏడుస్తోంది. మామా బిడ్డనెత్తుకోవడానికి కదల్లేదు. అత్తను ఆపడానికీ కదల్లేదు.

నేనే చేశానిది. ఆ మాట రెడ్డెమ్మకు గుండెలో గుచ్చుకుంది. బిడ్డకు పీడ తీయబోయి బిడ్డ అవ్వనే తీసేశాను.

మణి చెయ్యి విడిపించుకుని ఒడ్డెక్కింది. తడిసిన బట్టలు కాళ్ళకు చుట్టుకుంటుంటే ముసలామె ముందుకు వెళ్ళి నిలబడింది. అరబ్బీలో చెప్పమని మణిని అడగలేదు. పదకొండేళ్ళలో తను పోగుచేసుకున్న నాలుగు మాటలతోనే చెప్పింది.

"మామా, అనా కజ్జాబ్."

నేను అబద్ధాలకోరునంది. కన్ను లేదు, ఐన్ లేదంది. పుట్టినరోజు నాడు నువ్వు మాషా అల్లా అన్నావు, నేను విన్నాను, నా చెవులతో విన్నానంది. ఐన్ మాటంతా దెబ్బలకు భయపడి చెప్పిన అబద్ధమంది.

"అక్కా, వద్దు," అంది మణి వెనకనుంచి.

ఐన్ లేకపోతే మరి మూట ఎందుకు కట్టావని ఖాలిద్ అడిగాడు. గొంతు మళ్ళీ చల్లబడింది. పాప వెంట్రుకలు, మా అమ్మ వెంట్రుకలు, ఎందుకు కట్టావు?

రెడ్డెమ్మ జవాబు చెప్పలేదు. చెప్పకపోతే సిహరే అనుకుంటారని ఆమెకు తెలుసు. తెలిసే నోరు మూసుకుని నిలబడింది.

అబాయా అంచు కొద్దికొద్దిగా కిందికి దిగింది. ముందు నుదురు, తర్వాత కళ్ళు. తడిసిన ముసలి కళ్ళు మొదట రెడ్డెమ్మను చూశాయి. నమ్మిందో లేదో తెలియదు. నమ్మాలని ఎంత ఆశపడుతోందో మాత్రం తెలుస్తోంది. "అన్నానా?" అని అడిగింది. రెడ్డెమ్మ తల ఊపింది. కర్ర ఇసుకలో పడిపోయింది. ముసలామె కూలబడి చేతులు చాచింది. దానా వెళ్ళి ఆమె మెడకు కరుచుకుపోయింది.

మాషా అల్లా, మాషా అల్లా అంటూ ముసలామె మనవరాలి తల నిమురుతూనే ఉంది.

ఖాలిద్ ఫోన్ చెవికి ఆనించుకుని నాలుగడుగులు పక్కకు వెళ్ళాడు. మధ్యలో ఒకసారి వెనక్కి తిరిగి, దీని నివాస అనుమతి, ఇఖామా కార్డు ఎక్కడుందని వదినను అడిగాడు. మామా సంచిలో వెతికి తీసి ఇచ్చింది. అతను దాన్ని ఎండలో దగ్గరగా పట్టుకుని, రెడ్డెమ్మ పేరూ నంబరూ ఒక్కొక్క అంకె చొప్పున అవతలి పోలీసులకు చదివి వినిపించడం మొదలుపెట్టాడు.